"తలనొప్పికి రెండు బిళ్లలు": ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

ఏ ఊళ్లో మెడికల్ షాపు ముందు నిలబడినా గంటలోపు వినబడే మాట ఇది: "తలనొప్పికి రెండు బిళ్లలియ్యండి." షాపతను షీటులోంచి రెండు బిళ్లలు కత్తెరతో కత్తిరించి చేతిలో పెడతాడు. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కలు షాపులోనే ఉండిపోతాయి. కొన్నాళ్లకు అదే మనిషి పీహెచ్‌సీకి వస్తుంది. "ఏం బిళ్ల వాడుతున్నారమ్మా?" అని అడిగితే "పచ్చ బిళ్లండీ" అంటుంది. అది పారాసెటమాలో, డైక్లోఫెనాకో, ఎర్గోటమిన్ కలిపిందో ఆమెకూ తెలియదు, ఎదుట కూర్చున్న డాక్టరుకూ తెలియదు. ఇక అక్కడి నుంచి జరిగే వైద్యమంతా గుడ్డి లెక్కే.

తలనొప్పి రోగులను చూసే వైద్యులు, వాళ్లకు మందులిచ్చే ఫార్మసిస్టులు కలిసి రాస్తున్న లేఖ ఇది. మైగ్రేన్‌ను మన జనం ఒంటికణత నొప్పి, పార్శ్వపు నొప్పి, పైత్యం తలనొప్పి అని రకరకాలుగా అంటారు. పొరుగున కర్ణాటకలో, బెంగళూరులోని మెదడు, మనసు జబ్బుల సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో, పెద్దవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరికి ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు మైగ్రేన్ వచ్చినట్టు తేలింది. ఆడవాళ్లలో ఇది మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంత మందికి ఉన్న జబ్బును జిల్లా ఆస్పత్రి న్యూరాలజీ ఓపీకి పంపితే తెమిలేది కాదు. చాలావరకు పీహెచ్‌సీలోనే, చవక మందులతోనే అదుపులోకి వస్తుంది. అది ఎలాగో, ఎక్కడ తప్పిపోతోందో చెప్పడానికే ఈ లేఖ. ఇందులోని మోతాదులన్నీ పెద్దవాళ్లవి, మెడికల్ ఆఫీసర్ చూశాక ఇచ్చేవి.

ముందు గుర్తుపట్టడం. దీనికి స్కానింగ్ అక్కర్లేదు, మూడు ప్రశ్నలు చాలు. తలనొప్పి వచ్చినప్పుడు కడుపులో తిప్పుతుందా? వెలుతురు చూడబుద్ధి కాదా? గడిచిన మూడు నెలల్లో కనీసం ఒక రోజైనా దానివల్ల పని మానేశారా? రెండింటికి అవునంటే మైగ్రేన్ అనుకుని ముందుకు పోవచ్చు. మందు వేయకపోతే నొప్పి 4 నుంచి 72 గంటలు ఉంటుంది, మెట్లెక్కినా వంగినా పెరుగుతుంది. పసరు కక్కాక తగ్గుతుంది కాబట్టి "గ్యాస్ తలకెక్కింది" అని కొందరు గ్యాస్ బిళ్లలు మింగుతుంటారు. ముక్కు బిగిసి, కళ్ల నీళ్లు కారతాయి కాబట్టి "సైనస్" అని యాంటీబయాటిక్ కోర్సులు వాడేవాళ్లూ తక్కువ కాదు. నొప్పి వేళ ముక్కు బిగియడం, కంట నీరు కారడం మైగ్రేన్‌లోనూ ఉంటాయి. చీము లాంటి చీమిడి, జ్వరం లేకుండా నెలనెలా వచ్చిపోయేదాన్ని సైనస్ అనుకోకూడదు.

ఇక బిళ్ల సంగతి. పీహెచ్‌సీలో సాధారణంగా ఇచ్చేది పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములది ఒకటి. మైగ్రేన్‌కు అది చాలదు. 50 కిలోల పైన బరువున్న మనిషికి 1000 మిల్లీగ్రాములు, అంటే రెండు బిళ్లలు ఒకేసారి వేయాలి. అంతకంటే బరువు తక్కువైతే కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్క. నొప్పి గట్టిగా వచ్చేవాళ్లకు ఇబుప్రొఫెన్ 400 గానీ నాప్రోక్సెన్ 500 గానీ మేలు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈ రెండూ వద్దు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మండలాల్లో అయితే ఎవరికి రాసినా ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) చూడాల్సిందే. అక్కడ తలనొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మింగే అలవాటంటే ఉన్న కిడ్నీని కూడా పోగొట్టుకోవడమే.

మోతాదు సరిపోయినా వేళ తప్పితే బిళ్ల పనిచేయదు. మైగ్రేన్ మొదలైన కొద్దిసేపటికే కడుపు కదలిక మందగిస్తుంది. మింగిన బిళ్ల పేగుల్లోకి దిగకుండా కడుపులోనే కూర్చుంటుంది, చివరికి వాంతిలో పోతుంది. "బిళ్ల వేసినా పనిచేయలేదు" అనే ఫిర్యాదులో సగం కథ ఇదే. అందుకే నొప్పి బిళ్లతో పాటు డాంపెరిడోన్ 10 మిల్లీగ్రాములు కలిపి ఇవ్వాలి. వాంతి ఆపడం ఒక లాభం, నొప్పి బిళ్లను కిందికి దించడం రెండోది. మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఒక్కోసారి మెడ పక్కకు మెలితిరిగి, దవడ బిగుసుకుపోతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి పరుగెత్తుతారు. ప్రోమెథజిన్ సూది ఒకటి వేస్తే అది విడిపోతుంది. ఆ సూది ఎమర్జెన్సీ ట్రేలో ఉందో లేదో ముందు చూసుకుని మెటోక్లోప్రమైడ్ ఇవ్వడం మంచిది.

వేళ దాటిందని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. దువ్వెన తగిలితే నొప్పి, జడ వేసుకోలేకపోవడం, ఆ పక్కకు తిరిగి తల దిండు మీద పెట్టలేకపోవడం. అంటే నొప్పి నరం చివర్లను దాటి లోపలి దారుల్లో స్థిరపడిందన్నమాట. ఆ తర్వాత ఏ బిళ్లయినా అరకొరగానే పనిచేస్తుంది. "భరించలేనప్పుడు వేసుకుందాం" అని పని ముగిసేదాకా ఓర్చుకునే ఇల్లాళ్లకు ఈ గుర్తు చెప్పాలి. దువ్వెన నొప్పి రాకముందే, నొప్పి మైగ్రేనేనని తెలిసిన అరగంటలోపే బిళ్ల పడాలి.

ఇవి పనిచేయనివాళ్లకు సుమాట్రిప్టాన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. 50 మిల్లీగ్రాముల బిళ్ల నొప్పి మొదలవగానే వేయాలి. కళ్ల ముందు మెరుపు గీతలు కదిలేవాళ్లు ఆ గీతలప్పుడు కాక, తర్వాత నొప్పి మొదలైనప్పుడు వేసుకోవాలి. తగ్గి మళ్లీ వస్తే రెండు గంటలు ఆగి ఇంకొకటి. మొదటి బిళ్లకు అసలు కదలనే లేదంటే ఆ విడతకు రెండోది వేసి లాభం లేదు. కానీ ఒక్కసారికే మందు చెడ్డదని తీర్పు చెప్పకూడదు, మూడు విడతలు చూడాలి. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, అదుపులేని బీపీ ఉన్నవాళ్లకు ఇది నిషిద్ధం. షుగర్ ఉండి బీడీ కాల్చే నలభై దాటిన మగవాళ్లకు గుండె పరీక్ష చేయకుండా మొదటి బిళ్ల ఇవ్వకూడదు. మెడ, ఛాతీ కాసేపు పట్టేసినట్టుంటుందని ముందే చెబితే రోగి హడలిపోడు.

మైగ్రేన్‌కు వాడే పాత మందు ఎర్గోటమిన్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. కెఫీన్, పారాసెటమాల్, ప్రోక్లోర్‌పెరజిన్‌లతో కలిపిన ఈ బిళ్ల మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా దొరుకుతోంది. ఇది రక్తనాళాలను బిగిస్తుంది. గొంతు నొప్పికో దగ్గుకో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడుతున్న మనిషి దీన్ని కూడా మింగితే, లివర్ ఎర్గోటమిన్‌ను విరగ్గొట్టలేక అది ఒంట్లో పేరుకుంటుంది. కాళ్లు చేతులు చల్లబడి, నల్లబడి, వేళ్లు తీసేయాల్సి వచ్చే దాకా పోవచ్చు. హెచ్‌ఐవీ మందుల్లో కొన్ని, ఫంగస్ బిళ్లల్లో కొన్ని కూడా ఇదే చేస్తాయి. సుమాట్రిప్టాన్‌కూ ఎర్గోటమిన్‌కూ మధ్య 24 గంటల ఎడం ఉండాలి, గర్భిణికి అసలు కూడదు. కత్తిరించి ఇచ్చిన "పచ్చ బిళ్ల" ఏమిటో తెలియకపోవడం ఎందుకింత ప్రమాదమో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వెళ్లినప్పుడు ఈ ఒక్క మందు అమ్మకపు బిల్లులూ, వాటికి చీటీలూ చూస్తే చాలు, షాపుల తీరు మారుతుంది.

అన్నిటికంటే మేం నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది రోజుల లెక్క. నెలలో 15 రోజులు, అంతకుమించి మామూలు నొప్పి బిళ్లలు వేసేవాళ్లకు, లేదా 10 రోజులు, అంతకుమించి సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, కాంబినేషన్ బిళ్లలు, ట్రమడాల్ లాంటి నల్లమందు తరహా నొప్పి బిళ్లలు వేసేవాళ్లకు మూడు నెలలు దాటేసరికి ఆ బిళ్లే తలనొప్పి తెస్తుంది. నెలకు రెండుసార్లు వచ్చేది వారానికి మూడుసార్లవుతుంది, ఆపైన రోజూ తెల్లారుజామునే నొప్పితో మెలకువ వస్తుంది. బిళ్ల వేస్తే నాలుగు గంటలు ఊరట, మళ్లీ మొదటికే. రోగి దృష్టిలో బిళ్ల మంచిది, నొప్పి చెడ్డది. అందుకే ఇంకో డాక్టరు, ఇంకో స్కానింగ్, ఇంకో రంగు బిళ్ల.

దీనికి పరికరం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు. పాల లెక్క రాసుకునే ఆ గడిలోనే తలనొప్పి వచ్చిన రోజు సున్నా, బిళ్ల వేసిన రోజు అడ్డగీత. నెలాఖరున క్యాలెండరు కాగితం తీసుకురమ్మంటే డాక్టరుకు అర నిమిషంలో రోగం అర్థమవుతుంది. బిళ్లలు ఎన్నో కాదు, రోజులు ఎన్నో చూడాలి. ఒకే రోజు మూడు వేసినా అది ఒక్క గీతే. బామ్ లెక్కలోకి రాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచీ తెలుగువాళ్ల నొసటికి ఆ అలవాటుంది, దానివల్ల ఈ జబ్బు రాదు.

గీతలు హద్దు దాటినవాళ్లకు బిళ్ల మాన్పించడమే వైద్యం. పారాసెటమాల్, డైక్లోఫెనాక్, ట్రిప్టాన్, ఎర్గోటమిన్‌లను ఒక్కసారిగా ఆపేయొచ్చు. ట్రమడాల్, నిద్రబిళ్లలు మాత్రం మెల్లగా తగ్గించాలి. ఆపాక 2 నుంచి 10 రోజులు నొప్పి ముందుకంటే ఎక్కువే అవుతుంది, వాంతులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఈ మాట ముందే చెప్పకుండా "బిళ్లలు మానెయ్యమ్మా" అని పంపిస్తే మూడో రోజుకే ఆమె మళ్లీ షాపు ముందు ఉంటుంది. నాట్లు, కోతలు, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు లేని వారం చూసుకుని మొదలుపెట్టించాలి. నివారణ మందు అదే రోజు నుంచి ఇవ్వాలి. మూడో రోజున ఆశా కార్యకర్త ఒకసారి ఇంటికి వెళ్లి పలకరిస్తే నిలబడేవాళ్లు ఎక్కువవుతారు.

నివారణ మందులు రోజూ వేసుకునేవి, నొప్పి ఉన్నా లేకపోయినా. నెలకు నాలుగు రోజులు, అంతకుమించి నొప్పి ఉంటే మొదలుపెట్టాలి. మన దగ్గర చవకగా పనిచేసేవి రెండు. ప్రొప్రనొలాల్ 20 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి. వారం తర్వాత 40 చొప్పున. అవసరమైతే రోజుకు 160 దాకా పోవచ్చు. ఆయాసం, ఉబ్బసం ఉందా అని అడగకుండా, నాడి చూడకుండా ఇది రాయకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను ఇది కప్పేస్తుంది. ఒక్కసారిగా ఆపకూడదు. రెండోది అమిట్రిప్టిలిన్. 10 మిల్లీగ్రాములు రాత్రి, పడుకోబోయే ముందు కాక ఎనిమిదింటికల్లా. ఆలస్యంగా వేసుకుంటే పొద్దున మత్తు వదలదు. వారానికో రెండు వారాలకో 10 పెంచుతూ 30, 50 దాకా. నోరు ఎండుతుంది, ఆకలి పెరుగుతుంది. నీటికాసులు ఉన్నవాళ్లకు, ప్రోస్టేట్‌తో మూత్రం ఆగే పెద్దాయనకు వద్దు. దీనికి అసలు అడ్డంకి వేరే ఉంది. పక్కింటివాళ్లో, షాపతనో "ఇది పిచ్చి మందు కదా" అంటారు. ఆ రోజుతో బిళ్ల చెత్తబుట్టలో పడుతుంది. మనసు జబ్బుకు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లని, ఇది నరాల నొప్పికి ఇచ్చే చిన్న మోతాదని ఇచ్చేటప్పుడే చెప్పాలి.

నివారణకు ఫ్లూనారిజిన్ మన దగ్గర విపరీతంగా రాస్తారు. రాత్రి 5 నుంచి 10 మిల్లీగ్రాములు. పనిచేస్తుంది. కానీ లావెక్కిస్తుంది, కొందరిని దిగులులోకి నెడుతుంది, అరవై దాటినవాళ్లలో చేతులు వణికి నడక మందగిస్తుంది. ఆరు నెలలకు ఆపి చూడాల్సిన మందును ఏళ్ల తరబడి అదే చీటీ మీద కొనుక్కునేవాళ్లు ఉన్నారు. మూర్ఛకూ వాడే టోపిరమేట్ వాడితే వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, కిడ్నీలో రాళ్లు వస్తాయి, చెమట తగ్గుతుంది. రోహిణి కార్తెలో పొలం పనికి పోయే మనిషికి చెమట పట్టకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు మరో మూర్ఛ మందు వాల్‌ప్రొయేట్ వద్దే వద్దు. టోపిరమేట్ కూడా గర్భం రాకుండా చూసుకుంటేనే.

వీటిలో ఏదైనా సరైన మోతాదుకు చేరాక కనీసం 8 వారాలు చూడాలి. నెలలో నొప్పి రోజులు సగానికి తగ్గితే గెలిచినట్టే. పూర్తిగా పోవాలని ఆశ పెట్టకూడదు. 6 నుంచి 12 నెలలు వాడి మెల్లగా తగ్గించాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఓపీలో మూడు రోజులకో అయిదు రోజులకో బిళ్లలిచ్చే అలవాటుతో ఈ వైద్యం నడవదు. అయిదు రోజుల ప్రొప్రనొలాల్ వాడి "గుణం కనపడలేదు" అనే రోగిది తప్పు కాదు. బీపీ, షుగర్ రోగులకు నెల మందులు ఇచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. మైగ్రేన్ నివారణ మందును ఆ రిజిస్టరులోనే ఒక గడిగా చేర్చండి. కొత్త పథకం, కొత్త పేరు, కొత్త ఫ్లెక్సీ అక్కర్లేదు.

ఏఎన్ఎంలు, ఆశాల ద్వారా మీరు పంచే గర్భనిరోధక బిళ్ల మాలా-ఎన్ గురించి ఒక ముఖ్యమైన మాట. అందులో ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉంటుంది. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, కోట గోడ లాంటి వంకర గీతలు మెల్లగా పాకి 5 నుంచి 60 నిమిషాల్లో పోయే స్త్రీలకు ఈస్ట్రోజెన్ బిళ్లతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు ఈ బిళ్ల ఏ వయసులోనూ ఇవ్వొద్దంటోంది. 35 దాటినవాళ్లకు మెరుపులు లేని మైగ్రేన్ ఉన్నా మానడం మేలు. వాళ్లకు మీ దగ్గరే ఉన్న కాపర్-టీ గానీ, హార్మోన్ లేని ఛాయ బిళ్ల గానీ ఇవ్వొచ్చు. బిళ్ల చేతిలో పెట్టే ముందు "తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు వస్తాయా?" అని ఒక్క ప్రశ్న అడిగించండి.

వాంతులతో, భరించలేని నొప్పితో రాత్రి పీహెచ్‌సీకి వచ్చినవాళ్లకు డైక్లోఫెనాక్ 75 మిల్లీగ్రాముల సూది కండలోకి లోతుగా, మెటోక్లోప్రమైడ్ 10 మిల్లీగ్రాములు నరంలోకి పదిహేను నిమిషాల మీద మెల్లగా. గబగబా ఎక్కిస్తే మనిషి కూర్చోలేక, పడుకోలేక అల్లాడిపోతుంది. మూడు రోజులుగా వదలని నొప్పికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క డోసు, మళ్లీ మళ్లీ కాదు. ట్రమడాల్ వద్దు. ఉట్టి గ్లూకోజు బాటిల్ వాంతులు లేని మనిషికి డబ్బు దండగ.

స్కానింగు ఎవరికి కావాలో కూడా రాసి గోడకు అంటించాలి. పిడుగు పడ్డట్టు నిమిషంలో తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగియడం, కాలూ చెయ్యీ పడిపోవడం, యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి, దగ్గినా పడుకున్నా పెరిగే నొప్పి. వీటికి ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రి. గర్భిణికి 20 వారాల తర్వాత కొత్తగా తలనొప్పి వస్తే ముందు బీపీ చూడాలి. బాలింతకు తగ్గని తలనొప్పి ఉంటే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో అనుమానించాలి. వానాకాలంలో జ్వరంతో వచ్చే తలనొప్పి డెంగీ కావచ్చు, దానికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు. ఇవేవీ లేక, ఏళ్లుగా ఒకే తీరున వచ్చిపోయే నొప్పికి సీటీ స్కాన్ చేస్తే కనిపించేదేమీ ఉండదు.

బొటాక్స్ సూదులు, మైగ్రేన్ నొప్పిని రేపే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. బొటాక్స్ నెలకు 15 రోజులు, అంతకుమించి నొప్పి ఉన్నవాళ్లకే, తల, మెడ మీద 31 చోట్ల 155 యూనిట్లు, 12 వారాలకోసారి. ఇవి బోధనాస్పత్రుల్లో కొద్దిమందికి అవసరమవుతాయి. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల చర్చ వీటితో మొదలు కావడం మాకు ఇష్టం లేదు. నెలకు సరిపడా ప్రొప్రనొలాల్ దొరకని చోట ఆ చర్చ శుభలేఖ లేని పెళ్లికి భోజనాల పట్టిక.

ఎండ, నిద్ర చెడటం, తిండి వేళ తప్పడం నొప్పిని రేపుతాయని అందరికీ తెలుసు. శివరాత్రి నాడు ఉపవాసం, జాగారం రెండూ ఒకేసారి పడతాయి కాబట్టి మర్నాడు ఓపీలో తలనొప్పులు ఎక్కువుంటాయని లెక్కేసుకుని మందులు సిద్ధం చేసుకోవచ్చు. తలస్నానం చేసి తడిజుట్టుతో ఉంటే నొప్పి వచ్చేవాళ్లు మన దేశంలో ఎక్కువని వైద్య పత్రికలు కూడా నమోదు చేశాయి. వాళ్లను తలంటు మానమనక్కర్లేదు. ఏ రోజు పోసుకున్నారో అదీ క్యాలెండరులో రాసుకుంటే సరి.

రెండు రాష్ట్రాల్లో మందుల కొనుగోలు జాబితా చూసే టీజీఎంఎస్‌ఐడీసీ, ఏపీఎంఎస్‌ఐడీసీ అధికారులను అడిగేది ఇంతే: ప్రొప్రనొలాల్ 20, 40, అమిట్రిప్టిలిన్ 10, నాప్రోక్సెన్ 500, డాంపెరిడోన్ 10, సుమాట్రిప్టాన్ 50 పీహెచ్‌సీ స్థాయి దాకా నిరంతరంగా అందాలి. అమిట్రిప్టిలిన్ 25 మాత్రమే పంపితే రోగులు దాన్ని పంటితో కొరికి సగం చేసుకుంటారు, మోతాదు రోజుకో తీరుగా ఉంటుంది. మెడికల్ షాపులకు ఒక ఆదేశం: విడి బిళ్లలు అమ్మితే మందు పేరు, బలం, తేదీ రాసిన కవరులో పెట్టి ఇవ్వాలి. పీహెచ్‌సీల్లో మీరిచ్చే కాగితం కవర్ల మీద ఎలాగూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గుర్తులు అచ్చు వేస్తారు. నొప్పి బిళ్లల కవరు మీద వాటి కింద ఈ రెండు వాక్యాలు కూడా వేయించండి:

"ఈ బిళ్ల వేసుకున్న రోజు క్యాలెండరులో గీత పెట్టండి. నెలలో పది గీతలయితే పదకొండో రోజు బిళ్ల వేసుకోకుండా మా దగ్గరికి రండి."

ఇట్లు
తలనొప్పి రోగులకు వైద్యం చేసే కొందరు వైద్యులు, ఫార్మసిస్టులు